దొంగ అంటే ఎవరు

‘గ్రే లాంతర్’ గేమ్ ఎనిమిదో భాగం చెత్త అంటాను నేను. కాదు, మొత్తం సిరీస్‌లో ఇదే మంచిది అంటాడు దాసు. ఈ గొడవతోనే వారం గడిచిపోయింది గానీ రివ్యూ మాత్రం తెమల్లేదు.

దాసు అంటే ప్రేమదాసు. ఇంజినీరింగ్‌లో నా క్లాస్‌మేట్. జగ్గయ్యపేటలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. నేను నందిగామలో మా ఇంటి మేడమీద గదిలో కూర్చుని బెంగుళూరు కంపెనీకి పని చేస్తాను. ఇద్దరం కలిసి ‘గప్‌చుప్’ అని ఒక యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నాం. దాక్కుని ఆడే వీడియో గేములకి తెలుగులో రివ్యూలు, అంతే. ఆడుతూ మాట్లాడేది నేను, కోసి అతికేది దాసు. మొహాలు కనపడవు, పేర్లు చెప్పం. ఆ నియమం నేను పెట్టిందే.

ఎందుకంటే మా నాన్న భవానీప్రసాద్‌కి చందర్లపాడు రోడ్డులో ఎరువుల కొట్టుంది, వీధిలో పరువుంది. కూతురు గేములాడుతుందని తెలిస్తే నవ్వి ఊరుకునేవాడే. ఒక మగపిల్లాడితో కలిసి అని తెలిస్తే నవ్వడు. ఆ పిల్లాడిది మా ఇళ్ళల్లో హాల్లో కూర్చోబెట్టని కులం అని తెలిస్తే ఇంకేం చేస్తాడో నాకు తెలియదు. మా ఇద్దరి మధ్యా ప్రేమా దోమా ఏమీ లేదు. ఉన్నదల్లా పోట్లాటే. కానీ ఆ సంగతి ఎవరికి చెప్పి నమ్మిస్తాం?

మా ఛానల్‌కి ఒక పిచ్చి ఉంది, దాని వల్లే కాస్త పేరొచ్చింది. గేమ్‌లో కాపలావాళ్ళని నేను దొంగలంటాను. చిన్నప్పుడు మేం దాగుడుమూతలాడితే కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెట్టి, ఆ తర్వాత అందర్నీ వెతికేవాడే దొంగ. దాక్కున్నవాడు దొంగ కాదు, వెతికేవాడు దొంగ. ఆ అలవాటు నా నోట్లోంచి పోలేదు. “అక్కా, దొంగతనానికొచ్చింది హీరో అయితే పోలీసుల్ని దొంగలంటావేంటి?” అని కామెంట్లు పెడతారు. “మా ఊళ్ళో అంతే” అని దాసు జవాబు రాస్తాడు.

ఇక ఈ ఎనిమిదో భాగం. పాత భాగాల్లో అడుగు చప్పుడైతే చాలు గుండె జారిపోయేది. చీకట్లో నక్కి, దొంగ అటు తిరిగేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. దొరికామా, అంతే సంగతులు, మళ్ళీ మొదటికి. ఇందులో దొరికితే కత్తి తీసి అడ్డొచ్చినవాణ్ణల్లా నరుక్కుంటూ పోవచ్చు. మరి దాక్కోవడం దేనికి, నా బొంద! దొంగలకి తలకాయలో గుజ్జు లేదు. రాయి విసిరితే వెళ్ళి ఆ రాయి వంకే చూసి, ‘గాలేమోలే’ అనుకుని తిరిగొస్తారు. మా వీధికుక్క నయం. ఊరు మాత్రం జగ్గయ్యపేట నుంచి బెజవాడ దాకా ఉన్నంత చేశారు, అందులో చేసేదేమో గోడలెక్కడం, మూటలేరుకోవడం.

ఇంతవరకూ దాసు కూడా ఒప్పుకున్నాడు. పేచీ అంతా ఒక్క పెరడు దగ్గర వచ్చింది.

సగం ఆటలో ఒక ఉప్పు కొఠారు వస్తుంది, ఉప్పు నిలవచేసే గిడ్డంగి. మొదటి భాగం నుంచీ మనకి దారి చూపించే ముసలి లాంతరువాణ్ణి ఆ పెరట్లో దొంగలు పట్టుకుని కొడుతుంటారు, నీతో ఉన్నదెవరని అడుగుతుంటారు. మనం పైన కప్పు మీద ఉంటాం. కప్పు మీదుగా చప్పుడు లేకుండా వెళ్ళిపోతే ‘గోస్ట్’ బ్యాడ్జి ఇస్తారు. ఎవరికీ కనపడకుండా ఆడావని దాని అర్థం. దిగితే బ్యాడ్జి పోతుంది. ఏం చెయ్యాలో ఆట మనకి చెప్పదు.

“ఇది దాక్కునే ఆట దాసూ. బయటికి రమ్మంటే అది వేరే ఆట” అన్నాను ఫోన్లో.

“రమ్మన్లేదుగా. నీ ఇష్టమంది. ఎనిమిది భాగాల్లో నిన్ను మనిషిలా చూసింది ఆ ఒక్క పెరట్లోనే.”

“దిగితే బ్యాడ్జి పోద్ది.”

“నీకు బ్యాడ్జి పిచ్చి పట్టిందే తల్లీ. అక్కడ కొడుతున్నారు వాణ్ణి!”

“బొమ్మని కొడితే నాకేంటి?”

దాసు ఆ మాట అక్కడితో వదిలేశాడు. తర్వాత వేరే సంగతి ఎత్తాడు. “నీ గేమ్ కంట్రోలర్ బాగైంది. రేపు ఇస్తా, హార్డ్ డిస్క్ కూడా. ముందు గుమ్మంలోంచి వస్తే ఏమవుద్ది? కొరియర్ అని చెప్తాలే.”

“వద్దు. మామూలుగానే వెనక సందులోంచి రా.”

మా వెనక వసారాలో పాడైపోయిన వాషింగ్ మిషన్ ఉంది. అదే మా పోస్టు డబ్బా. పెరటి తలుపు గడియ బయటినుంచి చెయ్యి పెట్టినా వస్తుంది. అందరూ కునుకు తీసే మధ్యాహ్నం వేళ దాసు వచ్చి, అందులో వేసి, వెళ్ళిపోతాడు. రెండేళ్ళుగా ఎవరికీ తెలియలేదు. అది నా తెలివే అనుకుని మురిసిపోయేదాన్ని.

ఆ వారమే ఊళ్ళో ఫోన్లన్నిటికీ ఒక మెసేజ్ తిరిగింది. హెల్మెట్లు పెట్టుకుని బైకుల మీద వస్తున్నారట, పట్టపగలే పెరటి తలుపులు తీసి బంగారం ఎత్తుకుపోతున్నారట. ఎవరింట్లో, ఎప్పుడు అంటే ఎవరికీ తెలియదు. అయినా మా పక్కింటి వెంకట్ బాబాయ్, ట్రాక్టర్ సామాన్ల కొట్టు ఆయన, మిరప కల్లంలోంచి ఒక కర్ర తెచ్చి అరుగు మీద పెట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. దాసుకి ఆ సంగతి చెప్పాలని తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. నాన్న కొట్టులో ఉన్నాడు. అమ్మ పెళ్ళికని ఖమ్మం వెళ్ళింది. కింద కూలర్ ముందు మా నాయనమ్మ బసవమ్మ పడుకుంది. నేను తలుపేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఆ ఉప్పు కొఠారు పెరడే మళ్ళీ ఆడుతూ రికార్డు చేస్తున్నాను. దాసుతో పోట్లాటలో గెలవాలని నా పట్టుదల. చెవులు మూసుకుంటే మన గొంతు మనకి తెలియదు. ఊరంతా వినపడేలా అరుస్తున్నానని నాకేం తెలుసు!

“అమ్మో, దొంగొచ్చాడు! వెనక గుమ్మం దగ్గరున్నాడు! గడియ తీస్తున్నాడు… లోపలికొచ్చేశాడు బాబోయ్!”

కప్పు మీద బోర్లా పడుకున్నాను. అంటే, ఆటలో. కింద లాంతరువాడు మూలుగుతున్నాడు. నేను వాడి వంక చూడకుండా పాక్కుంటూ పోయి అవతలి గోడ దిగాను. తెర మీద గోస్ట్ బ్యాడ్జి వెలిగింది. “చూశారా, ఒక్కడు కూడా చూళ్ళేదు!” అని మైకులో అరిచి, చప్పట్లు కొట్టి హెడ్‌ఫోన్స్ తీశాను.

తీస్తే వెనక సందులోంచి కేకలు.

పిట్టగోడ దగ్గరికి పరిగెత్తి తొంగి చూశాను. సందు నిండా జనం. మధ్యలో దాసు మోకాళ్ళ మీద ఉన్నాడు. హెల్మెట్ కాలవలో పడి ఉంది. పెదవి చిట్లి చొక్కా మీద రక్తం. కుడి చేతిని ఎడమ చేత్తో గుండెకి అదుముకున్నాడు. వెంకట్ బాబాయ్ కాలర్ పట్టుకున్నాడు, రెండో చేతిలో కర్ర ఉంది. బ్యాగు కుమ్మరించేశారు. నా కంట్రోలర్, హార్డ్ డిస్క్, దాసు లంచ్ బాక్సు మట్టిలో ఉన్నాయి. పెరటి తలుపుని ఆనుకుని నాయనమ్మ వణుకుతోంది.

“మా పిల్ల అరుస్తుంటే లేచానయ్యా. దొంగ, వెనక గుమ్మం, గడియ అని! వచ్చి చూస్తే వీడు గడియ తీస్తన్నాడు. నేనే కేకేశా” అంటోంది.

అవి నేను మైకులో అరిచిన మాటలే.

“ఎవరింటి కోసం వచ్చావురా?” వెంకట్ బాబాయ్ కర్ర ఎత్తాడు.

“అడ్రసు తప్పొచ్చానండి.”

“తప్పొచ్చినోడివి గడియ తియ్యటం ఎట్టా తెలుసు? ఎవరు చెప్పారు?”

“అడ్రసు తప్పొచ్చానండి.”

కర్ర భుజం మీద పడింది. దాసు కిందికి ఒరిగి, మళ్ళీ లేచాడు. లేస్తూ తల ఎత్తాడు, పిట్టగోడ మీద నన్ను చూశాడు. చూసిన మరుక్షణం చూపు నేల మీదికి తిప్పేసి, తల కొంచెం అడ్డంగా ఊపాడు. రావద్దని.

భయమేసింది. అబద్ధం ఎందుకు, ముందు నా కోసమే వేసింది. ఎవరూ పైకి చూడటం లేదు. రెండడుగులు వెనక్కి వేస్తే నేను లేను. వీళ్ళు పోలీసులకి ఫోన్ చేస్తారు, దాసు ఏదో ఒకటి చెప్పుకుంటాడు, నా పేరు మాత్రం చచ్చినా చెప్పడు. ఆ చెప్పడనే నమ్మకమే నాకు అరికాలి మంట నెత్తికెక్కించింది. వాడి మీద కాదు, నా మీద. మెట్లు ఎలా దిగానో తెలియదు. చెప్పుల్లేకుండా సందులోకి వెళ్ళి దాసు ముందు నిలబడ్డాను.

“కొట్టకండి! నేనే రమ్మన్నా. వాడు నా ఫ్రెండు!”

అందరూ ఒక్కసారి ఆగిపోయారు. అప్పుడే సందు మొదట్లో నాన్న బండి ఆగింది, ఎవరో ఫోన్ చేసినట్టున్నారు. హెల్మెట్ లేకుండా, చేతికి ఎరువు మరకలతో జనాన్ని తోసుకుని వచ్చాడు.

గేమ్‌లో అయితే పెరట్లోకి దిగగానే మంచి పాట మొదలవుతుంది. నలుగురు దొంగల్ని పడగొట్టి ముసలివాణ్ణి భుజానేసుకుని పోవచ్చు. ఇక్కడ నేను దిగాకే అసలు కష్టం మొదలైంది.

“ఫ్రెండా?” అన్నాడు వెంకట్ బాబాయ్. కర్ర దించలేదు. “దొంగ దొంగ అని నువ్వే అరిచావు గదమ్మా?”

“అది గేమ్‌లో బాబాయ్! నేను వీడియోలు చేస్తా. యూట్యూబ్‌లో. వాడూ నేనూ కలిసి.”

“కలిసి?” వెనక నుంచి ఎవరో అన్నారు. “ఎన్నాళ్ళనుంచేంటి?”

“పేరేంట్రా నీది?” బాబాయ్ అడిగాడు.

దాసు నా వంక చూశాడు. ఇంకా దాచాలా అని అడుగుతున్నట్టుంది. నేనే చెప్పాను. “ప్రేమదాసు.”

“పేర్లోనే ఉందిగా ప్రేమ” అని ఒకడు కిసుక్కున నవ్వాడు. మిగతావాళ్ళు నవ్వలేదు. వాళ్ళ మొహాలు మారిపోయాయి. ఇందాకటి కోపంలో భయం కలిసి ఉంది, ఇప్పుడు భయం పోయి ఉత్త కోపమే మిగిలింది. వెంకట్ బాబాయ్ కాలర్ ఇంకాస్త బిగించాడు.

“దొంగోడైతే స్టేషన్‌లో ఇచ్చేసి ఊరుకునేవాళ్ళం ప్రసాదూ” అన్నాడు నాన్నతో, చాలా నెమ్మదిగా. “ఇదేంటో నువ్వే చెప్పు మరి.”

నాన్న చెప్పలేదు. నాన్న నోట్లోంచి ఒక్క మాట వస్తే చాలు, ఆ కర్ర ఎటైనా తిరుగుతుంది. ఫోన్ తీసి మా ఛానల్ పెట్టి, చేతికందిన వీడియో నొక్కాను, సౌండ్ మొత్తం పెంచాను. సందులో నా గొంతు మోగింది: “దొంగ అటు తిరిగాడు, ఇప్పుడు మనం ఇటు దూరతాం… అదిగో ఇంకో దొంగ!”

“ఎవర్నే దొంగంటున్నావ్?” అంది నాయనమ్మ, ఫోన్లోకి వంగి.

“కాపలావాళ్ళని నాయనమ్మా. దాగుడుమూతల్లో అంటాంగా. వెతికేవాడు దొంగ.”

నాయనమ్మ నుదురు ముడిచింది. “అవునే. మా చిన్నప్పుడూ అంతే. కళ్ళు మూసుకుని లెక్కపెట్టేవాడు దొంగ. మిగతావాళ్ళం గడ్డివాముల్లో దాక్కునేవాళ్ళం.” దాసు వంక చూసింది, చొక్కా మీది రక్తం చూసింది. తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళని ఒక్కొక్కర్నీ చూసింది. లెక్క కుదుర్చుకుంటున్న మనిషిలా అంది: “అయితే ఈ అబ్బాయి దాక్కునేవాడన్నమాట. దొంగలు… మీరేనేంట్రా?”

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది. వెనక ఎవరికో నవ్వాగలేదు. ఆ నవ్వు పక్కవాడికి అంటుకుంది. వెంకట్ బాబాయ్ చేతిలో కర్ర చూసుకుని, ఏం చెయ్యాలో తోచక గోడకి ఆనించాడు. కాలర్ వదిలేశాడు.

“అరిచి చెడగొట్టింది నేను. తప్పు నాది” అంది నాయనమ్మ. “పొండి, పనులు చూసుకోండి. తగలబెట్టినట్టుంది ఎండ.”

జనం పలచబడ్డారు. నేను దాసుని రెక్క పట్టుకుని లేపాను. బతికిపోయాం అనుకున్నాను. అప్పుడు నాన్న మొదటిసారి నోరు విప్పాడు.

“ఏ ఊరు బాబూ?”

“జగ్గయ్యపేటండి. మా నాన్న ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో చేస్తారండి.”

“ఇంటిపేరు?”

చాలా మర్యాదగా అడిగాడు. వెళ్ళిపోతున్నవాళ్ళు ఆగారు. దాసు నోరు తెరిచి మూశాడు. కర్ర పడినప్పుడు కూడా వాడి మొహం అలా అవలేదు.

“నీకెందుకు నాన్నా?” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

“అడిగితే తప్పేంటమ్మా?”

“తప్పే.”

దాసుని వెనక సందులోంచి పంపించలేదు. పెరట్లోంచి వంటగదిలోకి, అక్కణ్ణుంచి హాల్లోకి తీసుకెళ్ళాను. నాన్న మాకంటే ముందే లోపలికొచ్చి వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. తిట్టలేదు, తప్పుకోనూ లేదు. నా వెనకే వచ్చిన నాయనమ్మ దాసు చేతికి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చింది. మేం తాగే గ్లాసే. వాడు తాగేదాకా నిలబడి, “అడ్డు లేవరా ప్రసాదూ, పిల్లాడికి దెబ్బలు తగిలాయి” అంది. నాన్న ఒక పక్కకి జరిగాడు. నడివీధిలో, అందరూ చూస్తుండగా, దాసుని నా స్కూటీ ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

కుడి చెయ్యి వేళ్ళు రెండు విరిగాయి. డాక్టరు కట్టు కట్టాడు. బయట బెంచీ మీద కూర్చున్నాక ఏడుపొచ్చింది, నాకు. వాడికి కాదు.

“సారీ దాసూ.”

“రెండేళ్ళ నుంచీ గోస్ట్ ఆట ఆడింది నువ్వు” అన్నాడు. “దెబ్బలు మాత్రం నాకు తగిలాయి.” కోపంగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు అన్నాడు.

మళ్ళీ తనే అన్నాడు. “ఆ పెరడు గురించి నేను చెప్పింది కూడా తప్పే.”

“ఏం తప్పు?”

“ఎంత గొప్పగా తీసినా అది ఆటే. ఎనిమిది భాగాలు చూడు, పట్టుబడ్డవాణ్ణి కొడతారు, పొడుస్తారు. ఒక్క దొంగ కూడా ఇంటిపేరు అడగడు.” కట్టు కట్టిన చేతిని ఒళ్ళో సర్దుకున్నాడు. “రివ్యూలో ఆ మాట పెట్టు.”

“నువ్వే ఎడిట్ చెయ్యాలిగా.”

“ఈ చేత్తోనా? ఈసారి నువ్వే కోసుకో. నా పేరు చెప్తావా?”

“చెప్తా.”

“పేరు వరకే చెప్పు.”

మూణ్ణాళ్ళు నాన్న నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నాయనమ్మ మాత్రం పూటపూటా “ఆ అబ్బాయి చెయ్యెట్టా ఉందే?” అని నాన్నకి వినపడేలా అడిగేది.

నాలుగో రోజు పొద్దున్నే ఫోనూ, స్టాండూ, మైకూ మేడమీంచి దించి హాల్లో పెట్టాను. నాన్న కుర్చీలో పేపరు చదువుతున్నాడు. జరగమని అనలేదు. వీధి తలుపు బార్లా తీశాను. ఎదురుగా వెంకట్ బాబాయ్ అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాడు, వింటే విననీ. కెమెరా నా మొహం వైపు తిప్పుకుని నొక్కాను.

“నమస్తే. ఇది గప్‌చుప్ ఛానల్. నా పేరు ఉషశ్రీ, మాది నందిగామ. నాతో కలిసి దీన్ని నడిపేది ప్రేమదాసు, జగ్గయ్యపేట. ఇవాళ గ్రే లాంతర్ ఎనిమిదో భాగం గురించి మాట్లాడుకుందాం. మన ఛానల్లో దొంగంటే ఎవరని చాలామంది అడుగుతుంటారు. అది చెప్పి మొదలుపెడతా.” మైకు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను. “మా పేర్లు విన్నారుగా. ఇంటిపేర్లు చెప్పం. అడిగినవాడే దొంగ.”

పేపరు చప్పుడు ఆగింది. నాన్న పేపరు దించి నా వంక చూశాడు. నేను రికార్డింగ్ ఆపలేదు.